దిగే విద్య

2 మీటర్ల ఎత్తు నుంచి దూకిన మనిషి నేలను తాకే వేళకు గంటకు 22 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉంటాడు. బక్కపలచని కుర్రాడైనా, భారీ మనిషైనా ఆ వేగం ఒక్కటే. పైకి ఎగిరేటప్పుడు కాళ్లు ఎంత బలంగా తన్నాయన్నది ఇక లెక్కలోకి రాదు. ఎంత ఎత్తు నుంచి కింద పడ్డాడన్నదే లెక్క. ఆ వేగం సున్నా కావడం ఎటూ తప్పదు. ఎంత దూరంలో, ఎంతసేపట్లో సున్నా అవుతుందన్నదే తేలాలి. క్షేమంగా దిగడం గురించి క్రీడాకారులకు, కోచ్‌లకు, మ్యాట్లు తయారుచేసేవాళ్లకు తెలిసిన సంగతులన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతాయి.

మోకాళ్లు బిగబట్టి, మడమలు ముందుగా ఆనేట్టు కాంక్రీటు మీద దిగితే శరీరం ఆగడానికి దొరికే దూరం మహా అయితే 2 సెంటీమీటర్లు. మడమ కింది కొవ్వు, కీళ్ల మధ్య మృదులాస్థి నలగడం వల్ల వచ్చే దూరం అది. అంత కొద్ది మేరలో ఆగాలంటే నేల సగటున ఒంటి బరువుకు 100 రెట్ల బలంతో ఎదురు తన్నాలి. అదే మనిషి చీలమండలు, మోకాళ్లు, తుంటి మడుచుకుంటూ 50 సెంటీమీటర్ల మేర కుంగాడనుకుందాం. ఆ బలం సగటున 5 రెట్లకు పడిపోతుంది. మొదటి తీరులో ఆగడానికి పట్టే కాలం సెకనులో నూట యాభయ్యో వంతు, రెండో తీరులో ఆరో వంతు. చూసేవాళ్ల కంటికి రెండూ రెప్పపాటే. ఎముకలకు మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

మామిడి తోటలో ఒకడు చెట్టెక్కి కాయలు కోసి వేస్తుంటే కింద ఇద్దరు గోనెపట్టా కొసలు పట్టుకుని నిలబడతారు. కాయ పడిన క్షణంలో పట్టాను కాస్త కిందికి వదులుతారు. బిగించి పట్టుకుంటే కాయ కమిలి, నాలుగు రోజులకు నల్లమచ్చ తేలుతుంది. దూకినవాడి చిక్కేమిటంటే కాయా తనే, పట్టా తనే.

రెండు కాళ్ల మీద దిగేటప్పుడు ముందు ఆనేది మునిపాదం. వెంటనే మడమ కిందికి రాబోతుంది. పిక్క కండరం దాన్ని పట్టి మెల్లగా దించుతుంది. తరవాత మోకాలు మడుచుకుంటుంది. తొడ ముందువైపు కండరాలు ఓపక్క సాగుతూనే, బిగువు వదలకుండా, ఆ మడతను అదుపులో పెడతాయి. చివరికి తుంటి వంగి, పిరుదులు కాస్త వెనక్కి, ఛాతీ కాస్త ముందుకు వస్తాయి. ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు పిరుదుల్లోనివి. వీలైనంత భారం వాటికి అప్పజెప్పడమే తెలివైన దిగుడు. బిగుసుకుపోయి దిగేవాడు వాటిని ఖాళీగా కూర్చోబెట్టి, మొయ్యాల్సిందంతా చీలమండ మీద, మోకాటి చిప్ప మీద, నడుము పూసల మీద వేస్తాడు.

కండరానికి ఒక గుణం ఉంది. కుదించుకునేటప్పటి కంటే సాగుతూ భారం ఆపేటప్పుడు అది ఎక్కువ బలాన్ని తట్టుకుంటుంది. నిలుచున్నచోటి నుంచి అర మీటరు పైకి ఎగరడం చాలామందికి గగనం. అదే మనిషి కొంచెం అలవాటు చేసుకుంటే 2 మీటర్ల గోడ మీంచి దిగగలడు. ఎగరలేని ఎత్తు నుంచి కూడా దిగగలగడం దేహానికి దొరికిన రాయితీ. దానికి చెల్లింపు లేకపోలేదు: అలవాటు లేనివాడు ఓ సాయంత్రమంతా గట్టు మీంచి దూకితే మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేడు.

కాళ్ల సాయానికి హద్దు ఉంది. ఎంత కుంగినా దొరికేది అర మీటరు, కాస్త అటూ ఇటూ. పడే ఎత్తు పెరిగేకొద్దీ అదే అర మీటరులో ఎక్కువ వేగాన్ని చంపాలి. ఓ దశ దాటాక తొడలు ఓడిపోతాయి, మనిషి కూలబడతాడు, మోకాలు వచ్చి గడ్డానికి తగులుతుంది. అప్పుడు సహజంగా ముందుకు పోయేవి చేతులు. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు అదే. మోచేయి చాపి అరచేతి మీద పడితే బరువంతా సన్నని మణికట్టు మీదుగా పైకి పోతుంది. మణికట్టు దగ్గర ముంజేతి ఎముకో, భుజం దగ్గర కంటె ఎముకో విరుగుతుంది. ఎముకల డాక్టర్ల దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇలా చేయి చాపి పడ్డవాళ్లే.

ఇదంతా నేల తగిలాక జరిగే పనిలా కనిపిస్తుంది కానీ, అసలు పని అంతకుముందే అయిపోతుంది. కండరం సాగిందన్న కబురు వెన్నుపాముకు వెళ్లి, తిరిగి ఆజ్ఞగా రావడానికే సెకనులో ఇరవయ్యో వంతు దాకా పడుతుంది. ఆ ఆజ్ఞ బలంగా మారడానికి ఇంకొంత కాలం. నేల కొట్టే దెబ్బలో పదునైన భాగం ఈలోపే గడిచిపోతుంది. అందుకని మెదడు గాల్లో ఉండగానే ముహూర్తం లెక్కగట్టి, పాదం ఆనడానికి ముందే పిక్కనూ తొడనూ తగినంత బిగిస్తుంది. ఈ సంగతి తేల్చడానికి పరిశోధకులు ఓ చిలిపి ఏర్పాటు చేశారు: దూకేవాడి దారిలో బరువు ఆపలేని ఉత్తుత్తి నేలను అడ్డంగా పెట్టి, దాన్ని చీల్చుకుని కిందికి పోయేట్టు చేశారు. ఉత్తుత్తి నేల దగ్గర అడ్డు తగలకపోయినా కండరాలు ఆ చోటికి సరిగ్గా తయారయ్యాయి. వాటిని నడిపింది నేల స్పర్శ కాదు, అక్కడ నేల ఉందన్న నమ్మకం.

ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో 2021 జులై 27న టోక్యో ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. జట్టు ఫైనల్లో వాల్ట్ చేస్తూ సిమోన్ బైల్స్ గాల్లో రెండున్నర మెలికలు తిరగాల్సి ఉండగా ఒకటిన్నరతో ఆపేసింది. తాను ఎక్కడున్నదీ, నేల ఎటున్నదీ ఆమెకు అందలేదు. బాగా కుంగి, పెద్ద అడుగు వేసి, ఎలాగో కాళ్ల మీదే దిగింది. ఆపైన మిగతా పరికరాల మీదికి వెళ్లకుండా తప్పుకుంది. జిమ్నాస్టులు ‘ట్విస్టీస్’ అని పిలుచుకునే ఈ స్థితిని అప్పట్లో కొందరు పిరికితనమన్నారు. దిగడం గురించి అక్షరం తెలియనివాళ్ల మాట అది. నేల జాడ తెలియని దేహం ఏ కండరాన్ని ఎప్పుడు బిగించాలి?

దేహం ఇవ్వగలిగిన దూరం చాలనప్పుడు మిగతాది దిగే చోటు ఇవ్వాలి. హైజంప్ చరిత్రను బార్ దాటే భంగిమల చరిత్రగా చెప్పడం రివాజు: కత్తెర దూకుడు, వెస్టర్న్ రోల్, స్ట్రాడిల్, ఫ్లాప్. దాన్ని దిగే చోటు చరిత్రగా చెబితేనే అసలు కారణాలు కనిపిస్తాయి. గట్టి నేల మీదో, కొద్దిగా తవ్వి గుల్లచేసిన ఇసుక మీదో దిగాల్సినవాడికి పాదాలే దిక్కు. కాళ్లు ఒకదాని వెంట ఒకటి బార్ మీదుగా తిప్పి నిలబడి దిగే కత్తెర పద్ధతి అందుకే పుట్టింది. 1912లో 2 మీటర్లు దాటిన అమెరికన్ జార్జ్ హోరైన్ వెస్టర్న్ రోల్‌లో పక్కకు ఒరిగి బార్ దాటేవాడు. దిగేది మాత్రం ఎగిరిన కాలి మీద, చేతుల ఆసరాతో. 1963లో 2.28 మీటర్లు దాటిన సోవియట్ వీరుడు వాలెరీ బ్రూమెల్‌ది బార్ మీద బోర్లా దొర్లే స్ట్రాడిల్. అందులోనూ ముందు కాలూ చేతులూ కిందికి వచ్చేవి. ఇసుక, రంపపు పొట్టు పోసిన గుంతల్లో అంతకు మించి సాహసించడానికి వీల్లేదు.

1960ల మొదట్లో అమెరికా బడుల్లో, కాలేజీల్లో ఆ గుంతల మీద ఫోమ్ ముక్కలు నింపిన వల సంచులు వచ్చి పడ్డాయి. ఆరెగాన్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్‌లో హైస్కూలు కుర్రాడు డిక్ ఫాస్‌బరీకి స్ట్రాడిల్ ఎంతకీ పట్టుబడలేదు. పాత కత్తెర పద్ధతికే పోయి, బార్ తగలకుండా నడుము ఎత్తడం మొదలుపెట్టాడు. నడుము ఎత్తితే భుజాలు వెనక్కి వాలాయి. అలా వాలగా వాలగా, బార్‌కు వీపు పెట్టి తల ముందుగా దాటి, వెల్లకిలా పడే పద్ధతి తేలింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఆ పద్ధతితోనే 2.24 మీటర్లు దాటి, ఒలింపిక్ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. కెనడాలో డెబీ బ్రిల్ అనే అమ్మాయి కూడా, ఇతన్ని చూడకుండానే, దాదాపు అదే పద్ధతికి చేరుకుంది. ఇద్దరికీ ఒకే కాలంలో ఒకే ఆలోచన రావడం యాదృచ్ఛికమని తోసెయ్యలేం. ఒకే కాలంలో ఒకే రకం మెత్త అమెరికాలోనూ కెనడాలోనూ మైదానాల్లోకి వచ్చింది. వీపు మీద పడినా ఫరవాలేదన్న భరోసా లేకపోతే ఎవరూ తలను ముందుకు పంపరు.

స్ట్రాడిల్ ఒక్కసారిగా పోలేదు. 1972 మ్యూనిక్‌లో స్వర్ణం స్ట్రాడిల్ చేసే యూరీ తార్మాక్‌కే దక్కింది. 1973లో అమెరికన్ డ్వైట్ స్టోన్స్ 2.30 మీటర్లతో ఫ్లాప్‌కు తొలి ప్రపంచ రికార్డు తెచ్చాడు. 1978లో వ్లదీమిర్ యాష్చెంకో 2.34 మీటర్లు దాటడం స్ట్రాడిల్‌కు చివరి వెలుగు. 1993లో క్యూబా దేశీయుడు హావియెర్ సోటోమయోర్ స్పెయిన్‌లోని సలమాంకాలో దాటిన 2.45 మీటర్లు ఫ్లాప్‌తోనే. మన దేశంలో తేజస్విన్ శంకర్ 2018లో దాటిన 2.29 మీటర్లూ అంతే.

ఫ్లాప్‌లో దిగడం బార్ మీద ఉండగానే మొదలవుతుంది. నడుము బార్ దాటే దాకా తల వెనక్కి వాలి, దేహం విల్లులా వంగి ఉంటుంది. నడుము దాటిన క్షణంలో గడ్డాన్ని ఛాతీకి లాగాలి. పైభాగం ముందుకు వంగేసరికి తుంటి కిందికి జారి, కాళ్లు తమంత తామే పైకి లేచి బార్‌ను తప్పించుకుంటాయి. గడ్డం లాగడం వల్ల రెండు లాభాలు: కాళ్లు బార్‌ను తన్నవు, మెడ మీద పడే గండం తప్పుతుంది. మ్యాట్‌ను తాకేది భుజాలకూ నడుముకూ మధ్య వెడల్పైన వీపు. చేతులు పక్కలకు చాపి ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మోకాళ్లు దగ్గరగా పెట్టి దిగి, మ్యాట్‌లో ముడుచుకున్నప్పుడు సొంత మోకాలితోనే ముక్కు పగలగొట్టుకుంటారు. మోకాళ్లు ఎడంగా ఉంచమని కోచ్‌లు అరుస్తుండేది అందుకే.

ఈ పద్ధతిని ఇసుకలో ప్రయత్నించడం ప్రాణంతో చెలగాటం. హైజంప్ బెడ్ కొనే స్తోమత లేని బడుల్లో పీఈటీ మాస్టార్లు పిల్లలకు కత్తెర దూకుడే నేర్పి, ఫ్లాప్ జోలికి పోనివ్వరు. టీవీలో చూసివచ్చిన పిల్లలకు అది పాతచింతకాయ పచ్చడిలా అనిపించవచ్చు. ఇసుక గుంత ముందు నిలబడి ఆలోచిస్తే మాస్టారి మాటే సరైనది.

పెద్ద పోటీల్లో హైజంప్ మ్యాట్ కనీసం 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల మందం ఉండాలి. అది ఒట్టి పరుపు కాదు. పరుపు లేదా స్ప్రింగు తీసుకున్న శక్తిని తిరిగి ఇచ్చేసి మనిషిని పైకి విసురుతుంది. ఇక్కడ కావలసింది శక్తిని మింగేసే గుణం. ఫోమ్‌లోని గదులు ఒకదానికొకటి తెరిచి ఉంటాయి. వీపు పడగానే లోపలి గాలి సన్నదారుల గుండా పిండుకుంటూ, పక్కల జాలీ గుడ్డలోంచి బయటికి పోతుంది. గాలి ఇరుకుదారుల్లో తోసుకుపోవడంలోనే పడే వేగమంతా ఖర్చవుతుంది. తిరిగి ఉబ్బడానికి మాత్రం మ్యాట్ తీరుబడిగా సమయం తీసుకుంటుంది. రెండు మూడు ముక్కలుగా వచ్చే మ్యాట్లను గట్టిగా బిగించి, పైన ఒకే కప్పు వెయ్యడం కూడా అలంకారం కోసం కాదు. ముక్కల మధ్య సందులోకి పాదం దిగితే చీలమండ మెలిపడుతుంది.

పోల్‌వాల్ట్‌లో ఈ అవసరం ఇంకా పెద్దది. స్వీడన్‌కు చెందిన అర్మాండ్ డుప్లాంటిస్ 2025లో టోక్యో ప్రపంచ పోటీల్లో 6.30 మీటర్లు దాటాడు. 80 సెంటీమీటర్ల మందం మ్యాట్ పోగా ఐదున్నర మీటర్ల పతనం. తాకే వేగం సెకనుకు 10.4 మీటర్లు: 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తినప్పుడు ఉసేన్ బోల్ట్ సగటు వేగం ఎంతో సరిగ్గా అంత. ఆ వేగంతో వీపు మీద పడి, లేచి చేతులూపుకుంటూ పోవడం ఆ మ్యాట్ మహిమే. వెదురు గడలు, లోహపు గడలు పోయి వంగే ఫైబర్‌గ్లాస్ గడలు వచ్చిన కాలమూ, ఇసుక పోయి ఫోమ్ వచ్చిన కాలమూ ఒకటే. పేరు గడకు వచ్చింది. మ్యాట్ లేకపోతే ఆ గడ ఇచ్చిన ఎత్తు ఎవరికీ పనికొచ్చేది కాదు.

అసలు ప్రమాదం ఎత్తులో కన్నా గురి తప్పడంలో ఉంది. గడ సరిగ్గా నిలబడక వెనక్కి రన్‌వే మీద పడడం, గడ ఆనే బాక్సులో పడడం, పక్కకు కొట్టుకుపోవడం. 2002లో అమెరికాలో వరసగా యువ వాల్టర్ల మరణాలు జరిగాక అక్కడి బడి, కాలేజీ పోటీల్లో మ్యాట్ల కనీస కొలతలు పెంచారు. మెత్తదనం ఒక్కటే రక్ష కాదనడానికి ఇంకో విషాదం ఉంది. 1963 వసంతంలో 5 మీటర్లు దాటి ప్రపంచ రికార్డు పెట్టిన బ్రయన్ స్టెర్న్‌బర్గ్ అదే ఏడాది జులైలో ట్రాంపొలిన్ మీద సాధన చేస్తూ మెడ మీద పడ్డాడు. మెడ కింది దేహమంతా చచ్చుబడింది. కింద ఉన్నది మెత్తటి గుడ్డే. పడిన భంగిమ తప్పు.

జిమ్నాస్టిక్స్ ఈ లెక్కకు ఎదురీదే క్రీడ. ఎక్కువసేపు, ఎక్కువ దూరం తీసుకుని ఆగడమే క్షేమమని ఇంతదాకా చెప్పుకున్నాం. జడ్జీలు మెచ్చేది మాత్రం రెండు పాదాలూ అతికించినట్టు, అడుగు కదలకుండా ఆగడాన్ని. చిన్న అడుగుకు 0.1, పెద్ద అడుగుకు 0.3, కింద పడితే ఒక పూర్తి పాయింటు కోత. మరీ కిందికి కుంగినా కోతే. దేహం అడిగేది ఒకటి, నిబంధన అడిగేది ఇంకొకటి. ఆ రెంటి మధ్య సందు పూడ్చేది 20 సెంటీమీటర్ల మ్యాట్, ఏళ్ల తరబడి గట్టిపడిన కాళ్లు. అయినా నేల కొట్టే గరిష్ఠ బలం ఒంటి బరువుకు పది రెట్లు దాటడం ఆ ఆటలో మామూలే. చీలమండల నొప్పి లేని జిమ్నాస్టును వెతకడం కష్టం.

పైగా ఇక్కడ పడడంతో పాటు తిరగడం కూడా ఆగాలి. గాల్లోకి లేచాక మనిషి తన కోణీయ ద్రవ్యవేగాన్ని పెంచుకోలేడు, తగ్గించుకోలేడు. ఒంటి ఆకారాన్ని మాత్రమే మార్చుకోగలడు. ముడుచుకుంటే గిర్రున తిరుగుతాడు, చాచుకుంటే నెమ్మదిస్తాడు. దిగడానికి ఒక్క క్షణం ముందు ముడత విప్పి ఒళ్లు చాచడం, ఆ క్షణంలోనే నేలను కంటితో పట్టుకోవడం అసలైన పనితనం. వెనక్కి గిరికీలు కొట్టేవాళ్లకు దిగేముందు మ్యాట్ కనిపిస్తుంది. ముందుకు గిరికీలు కొట్టేవాళ్లకు ఆ భాగ్యం లేదు, ఇంచుమించు గుడ్డిగా దిగాలి. ప్రొదునోవా వాల్ట్‌ను చూసి పెద్దపెద్దవాళ్లు జంకేది అందుకే: చేతుల మీద బల్లను తాకి, ముందుకు రెండు గిరికీలు కొట్టి, కనపడని నేల మీద నిలబడాలి.

త్రిపుర రాజధాని అగర్తలాలో దీపా కర్మాకర్‌కు కోచ్ బిశ్వేశ్వర్ నంది దాన్ని నేర్పారు. మొదట్లో సరైన పరికరాలు లేక పాత స్కూటర్ విడిభాగాలతో స్ప్రింగ్‌బోర్డు చేయించుకున్నారని పత్రికలు రాశాయి. 2016 ఆగస్టు 14న రియో ఫైనల్లో ఆమె దిగిన తీరు మన దేశంలో లక్షల మంది కళ్లకు కట్టింది. పాదాలు రెండూ ఆనాయి. రెండో గిరికీ ఇంకా పూర్తిగా చల్లారలేదు. మోకాళ్లు చివరిదాకా మడుచుకుపోయాయి, పిరుదులు మ్యాట్‌ను రాసుకునేంత కిందికి వచ్చాయి, అక్కడ ఆగి, లేచి నిలబడింది. సగటున 15.066 పాయింట్లతో నాలుగో స్థానం. కాంస్యానికి దూరం 0.150. ఆ కుంగుబాటుకు కోత పడిన మాట నిజమే. ఆ వేగాన్ని చంపి మోకాళ్లను కాపాడిందీ ఆ కుంగుబాటే. హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లోనే కాంస్యం తెచ్చింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో భారతీయులకు దక్కిన తొలి వ్యక్తిగత పతకం అది.

మ్యాట్ లేనిచోట ఇంకో ఉపాయం ఉంది: ఆగకపోవడం. నిట్టనిలువు వేగాన్ని ఒక్కచోట చంపకుండా దొర్లుడుగా మలుచుకోవడం. ఆగ్రాలోని వైమానిక దళ పారాట్రూపర్ల శిక్షణ బడిలోనైనా, మరే దేశంలోనైనా పారాచూట్ సైనికుడు ముందు నేర్చుకునేది ఈ పాఠమే. గుండ్రటి పారాచూట్‌తో దిగడం సుమారు ఒకటిన్నర, 2 మీటర్ల గోడ మీంచి దూకినంత. పైగా వీపున బరువు, పక్కనుంచి గాలి. పాదాలూ మోకాళ్లూ జతచేసి, గడ్డం లోపలికి లాగి, కొద్దిగా పక్కకు తిరిగి ఉండాలి. మునిపాదాలు, పిక్క పక్కభాగం, తొడ పక్కభాగం, పిరుదు, వీపు పక్కభాగం ఆ వరసలో నేలకు ఆనుకుంటూ పోవాలి. చూపు కిందికి కాకుండా దూరంగా నిలపాలి. నేల దూసుకొస్తున్నట్టు కనిపిస్తే ఒక కాలు తెలియకుండానే ముందుకు పోతుంది, లేదా రెండు కాళ్లూ పైకి ముడుచుకుంటాయి.

జపాన్‌లో జిగోరో కానో 1882లో మొదలుపెట్టిన జూడోలో ఎదుటివాణ్ని విసరడం కన్నా ముందు పడడం నేర్పుతారు. అక్కడ చేతిని ఆసరాగా చాపరు. భుజం నుంచి అరచేతి దాకా చేయంతా ఒక్కసారి చాపను చరుస్తుంది. దెబ్బ చోటుకు కొంచెంగా పంచుకుపోతుంది. పారిస్ దగ్గరి లీస్ పట్టణంలో డేవిడ్ బెల్, అతని స్నేహితులు రూపుదిద్దిన పార్కూర్‌లో కింద కాంక్రీటు తప్ప ఏమీ ఉండదు. వాళ్ల దొర్లుడు ఒక భుజం వెనక నుంచి వీపు మీదుగా ఐమూలగా ఎదుటి తుంటికి పోతుంది. నిటారుగా పిల్లిమొగ్గ వేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటే నేలకు తగులుతాయి. ఐమూలగా పోతే కండ ఉన్నచోట్లు మాత్రమే తగులుతాయి.

స్కీ జంప్ ఈ ఉపాయాన్ని నేలకే నేర్పింది. స్లొవేనియాకు చెందిన డోమెన్ ప్రెవ్ట్స్ 2025లో ప్లానిట్సా కొండ మీద 254.5 మీటర్లు ఎగిరి దిగాడు. అంత ఎగిరినవాడు ముక్కలు కాకపోవడానికి కారణం, కొండవాలును అతను వచ్చే దారికి దాదాపు సమాంతరంగా చెక్కడం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడి దారికీ వాలుకూ మధ్య 6 డిగ్రీల కోణమే ఉంటే, వాలుకు సూటిగా గుద్దుకునే వేగం అర మీటరు ఎత్తు నుంచి దూకినంత కూడా కాదు. మిగతా వేగమంతా వాలు వెంట జారిపోతుంది. ఒక స్కీ ముందుకు, ఒకటి వెనక్కి, మోకాళ్లు వంచి, చేతులు చాచి దిగే టెలిమార్క్ భంగిమకు జడ్జీలు పాయింట్లు ఇస్తారు. వాలు దాటి చదునైన చోటుకు పోతే ఇదంతా వట్టిదవుతుంది. ఆనాటి గాలిని బట్టి జంపర్లు మరీ దూరం పోతున్నారనిపిస్తే నిర్వాహకులు మొదలయ్యే మెట్టును కిందికి మార్చేది ఆ భయంతోనే.

నీటి మీద 10 మీటర్ల ప్లాట్‌ఫామ్ నుంచి డైవర్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగుతాడు. నీళ్లు మెత్తన అన్నది సగం నిజం. అరచేతులు బల్లపరుపుగా పెట్టి, చేతులు చెవులకు ఆనించి సూటిగా దూరితే నీళ్లు దారిచ్చి, కొన్ని మీటర్ల లోతులో మెల్లగా ఆపుతాయి. బోర్లా పడితే నేలలాగే కొడతాయి. 27 మీటర్ల కొండకొమ్ము నుంచి దూకే క్లిఫ్ డైవర్లు అందుకే తలను నమ్మకుండా పాదాలతో దూరతారు. ప్లాట్‌ఫామ్ కింద నీటి మీద చిలకరింపు పెట్టేది నీటిని మెత్తబరచడానికని చాలామంది అనుకుంటారు. అది నీటి మట్టం డైవర్ కంటికి ఆనడానికి. మెత్తబరచడానికైతే సాధనలో అడుగు నుంచి గాలిబుడగలు పంపే వేరే ఏర్పాటు ఉంటుంది.

ఇక వల. 2016 జులై 30న కాలిఫోర్నియాలో ల్యూక్ ఐకిన్స్ 25,000 అడుగుల నుంచి పారాచూట్ లేకుండా దూకి, నూరడుగుల చదరపు వలలో పడ్డాడు. కిందిదాకా బోర్లా వచ్చి, చివరి క్షణంలో వెల్లకిలా తిరిగాడు. తుంటి, నడుము, మెడ ముందుకే బాగా మడుచుకుంటాయి. వెల్లకిలా పడితే వల వాటిని మడుచుకునే వైపుకే మడుస్తుంది.

ఇన్ని ఏర్పాట్లున్నా ఎక్కువ గాయాలు మహా ఎత్తుల దగ్గర జరగవు. బాస్కెట్‌బాల్ రీబౌండుకో, వాలీబాల్ స్మాష్‌కో, ఫుట్‌బాల్ హెడర్‌కో అర మీటరు ఎగిరి, బంతి మీద ధ్యాసతో ఒంటికాలి మీద దిగినప్పుడు జరుగుతాయి. మోకాలు ఇంచుమించు నిటారుగా ఉండి, లోపలివైపు ఒరిగితే దాని నడుమ ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు తెగుతుంది. వీడియోలు పరీక్షించినవాళ్లు పాదం ఆనిన సెకనులో ఇరవై అయిదో వంతు లోపే తెగుతుందని తేల్చారు. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కన్నా రెండు రెట్లకు పైగా ఎక్కువ. అంత తక్కువ వ్యవధిలో సర్దుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి సరైన దిగుడు ముందే అలవాటై ఉండాలి. ఆ సాధన మోకాలెత్తు కూడా లేని పెట్టె మీంచి మొదలవుతుంది. చప్పుడు రాకుండా దిగాలి, మోకాళ్లు కాలివేళ్ల దిశ దాటి లోపలికి రాకూడదు, దిగినచోట మూడు లెక్కపెట్టేదాకా కదలకూడదు. అది కుదిరాక ఒంటికాలు, తరవాత గాల్లో పావు మెలిక, ఆ తరవాత తోటివాడు భుజంతో నెడుతుండగా, చివరికి బంతి పట్టుకుంటూ. వారానికి రెండు మూడు సార్లు, పదిహేను ఇరవై నిమిషాల వార్మప్‌లో కలిపి చేయించిన జట్లలో ఏసీఎల్ గాయాలు సుమారు సగానికి తగ్గాయి. సీజన్ మధ్యలో మానేసిన జట్లకు ఆ లాభం నిలవలేదు.